విడాకుల కేసు నడుస్తుండగా ఇల్లు అమ్మాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

భార్యాభర్తల కేసుల్లో ఇంటి గొడవ ముదరడానికి చాలాసార్లు కారణం ఒకటే. "ఇల్లు ఎవరిది?" అన్న ప్రశ్నను, "ఇంట్లో ఎవరు ఉండొచ్చు?" అన్న ప్రశ్నను కలిపేస్తారు. మొదటిదానికి జవాబు దస్తావేజులో ఉంటుంది, రెండోదానికి 2005 నాటి గృహహింస చట్టంలో ఉంటుంది. దస్తావేజులో పేరు లేని భార్యకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉండొచ్చు, అమ్మిన డబ్బులో మాత్రం వాటా రాకపోవచ్చు. ఇద్దరి పేర్లూ ఉన్న ఫ్లాటును, భార్య అందులో ఒక్కరోజు కూడా ఉండకపోయినా, ఆమె సంతకం లేకుండా భర్త మొత్తంగా అమ్మలేడు.

పెళ్లయ్యాక కొన్నదంతా చెరి సగం అనే నియమం మన దేశంలో గోవా, డామన్, డయ్యూలలో తప్ప ఎక్కడా లేదు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో ఉన్న బంధువులు చెప్పే లెక్క హైదరాబాదు, విజయవాడ ఫ్లాట్లకు పనికిరాదు. ఇక్కడ కాగితంలో పేరే మొదటి ఆధారం.

ముందు కాగితాలు చేతికి తెచ్చుకోండి

ఒరిజినల్స్ బ్యాంకులోనో, అవతలివాళ్ల బీరువాలోనో ఉంటే కంగారు పడకండి. దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే చాలు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. నంబరు తెలియకపోతే ఫ్లాటు నంబరు, సర్వే నంబరు, ఊరు పెట్టి ముందు ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, అందులో దస్తావేజు నంబరు దొరుకుతుంది.

ఈసీ కొన్న తేదీ నుంచి ఈ రోజు వరకు ఉండాలి. అందులో మూడు చూడండి: కొన్నవాళ్ల పేర్లు ఎలా ఉన్నాయి, బ్యాంకు తనఖా ఉందా, మీకు తెలియని అగ్రిమెంటు గానీ జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారం ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ) గానీ రిజిస్టర్ అయ్యిందా. మూడోదాన్ని చాలామంది చూడరు. ఎప్పుడో ఇచ్చిన జీపీఏతో మామగారో బావమరిదో అమ్మకానికి బేరం మాట్లాడేదాకా విషయం బయటికి రాదు. జీపీఏ ఇచ్చి ఉంటే, దానికి బదులుగా డబ్బు తీసుకోకపోయి ఉంటే, రిజిస్టర్డ్ రద్దు దస్తావేజు చేయించి జీపీఏ ఉన్న వ్యక్తికి పోస్టులో నోటీసు పంపండి. నోటి మాటతో రద్దయిందనుకోవద్దు.

తర్వాత సేల్ డీడ్‌లో ఎవరి వాటా ఎంతో రాశారేమో చూడండి. సాధారణంగా పేర్లే ఉంటాయి, వాటాలు ఉండవు. అలాంటప్పుడు ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ వర్తిస్తుంది: ఎవరి డబ్బు ఎంత పెట్టారో రుజువైతే ఆ నిష్పత్తిలో వాటాలు, రుజువు లేకపోతే సమానం. "అంతా నేనే కట్టాను, ఆమె పేరు ఊరికే పెట్టాను" అనే వాదన దాదాపు ప్రతి కేసులో వస్తుంది. దాన్ని నిరూపించాల్సింది అలా అన్నవాళ్లే. అయినా మీ వైపు కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి: డౌన్‌పేమెంట్ ఏ ఖాతా నుంచి వెళ్లిందో చూపే స్టేట్‌మెంటు, బంగారం అమ్మి కట్టి ఉంటే ఆ షాపు బిల్లు, అమ్మానాన్నలు పంపిన డబ్బు ఎంట్రీ, ఈఎంఐ ఎవరి ఖాతా నుంచి పోతోందో చూపే లోన్ స్టేట్‌మెంటు. పాత స్టేట్‌మెంట్లు బ్యాంకు నుంచి రావడానికి వారాలు పడుతుంది, ముందే అడగండి.

పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఆమె పేరున రాసిచ్చిన స్థలం పూర్తిగా ఆమెది. అందులో భర్త ఇల్లు కట్టించినా స్థలం మీద హక్కు మారదు. కట్టడానికి పెట్టిన ఖర్చు గురించి అతను విడిగా అడగొచ్చేమో గానీ, ఆమె సంతకం లేకుండా అమ్మకం జరగదు.

అవతలివాళ్లు అమ్మేస్తారని భయం ఉంటే

ఇక్కడ ఎక్కువమంది మోసపోయే విషయం ఒకటి ఉంది. విడాకుల పిటిషన్ వేసినంత మాత్రాన ఇంటి అమ్మకం ఆగదు. కేసు నడుస్తుండగా జరిగిన అమ్మకం ఆ కేసు ఫలితానికి లోబడాలంటే, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ ఆస్తి హక్కే ఆ కేసులో నేరుగా వివాదంలో ఉండాలి. ఉత్త విడాకుల పిటిషన్‌లో ఇంటి ప్రస్తావనే ఉండదు. కాబట్టి ఇంటి మీద ఏ హక్కు కోరుతున్నారో పిటిషన్‌లో కోర్టును కోరే భాగంలో రాయించి, ఆస్తి షెడ్యూల్ జత చేయించండి. ఫ్లాటు నంబరు, అంతస్తు, చదరపు అడుగులు, అవిభాజ్య స్థలం వాటా ఎన్ని గజాలు, నాలుగు వైపులా హద్దులు, దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరు, అన్నీ సేల్ డీడ్‌లో ఉన్నది ఉన్నట్టు దించాలి. హద్దుల్లో తూర్పు పడమరలు తారుమారైతే ఉత్తర్వు వచ్చాక కూడా "ఇది మా ఆస్తి కాదు" అనే వాదనకు చోటిచ్చినట్టే. భార్యాభర్తల ఆస్తి తగాదాలు వినే అధికారం 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఫ్యామిలీ కోర్టుకే ఇచ్చింది.

దాంతోపాటే కేసు తేలేదాకా ఇల్లు అమ్మొద్దని తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయాలి. "అమ్ముతాడేమో" అన్న అనుమానం సరిపోదు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్, బ్రోకరు వాట్సాప్ మెసేజ్, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల వివరం, టోకెన్ అడ్వాన్సు రసీదు, ఏదో ఒకటి చూపండి. అవతలివాళ్లకు నోటీసు లేకుండానే ఉత్తర్వు వస్తే, పిటిషన్ కాగితాల కాపీలను అదే రోజో మర్నాడో రిజిస్టర్డ్ పోస్టులో పంపి, పంపినట్టు అఫిడవిట్ వేయాలి. ఈ చిన్న పని మరిచిపోవడం వల్లే చేతికొచ్చిన ఉత్తర్వు ఎత్తేయమని అవతలివాళ్లు పిటిషన్ వేస్తారు. మీ లాయరును ఆ సాయంత్రమే అడిగి పోస్టు రసీదు చూడండి.

ఉత్తర్వు వచ్చాక దాని సర్టిఫైడ్ కాపీని సబ్‌రిజిస్ట్రార్‌కు, జిల్లా రిజిస్ట్రార్‌కు కూడా ఇచ్చి, అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. ఒక ఆఫీసు పరిధిలోని ఆస్తిని జిల్లాలో వేరే ఆఫీసులో రిజిస్టర్ చేయించే వీలుంది కాబట్టి ఒక్కచోట ఇస్తే చాలదు. కోర్టు ఉత్తర్వు లేకుండా మీరు రాసిన అభ్యంతర లేఖతో రిజిస్ట్రేషన్ ఆగుతుందని ఆశ పెట్టుకోవద్దు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో కేసు నోటీసును ఆస్తి రికార్డులో రిజిస్టర్ చేయించాలి. మన రెండు రాష్ట్రాల్లో, అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో, ఆ పద్ధతి లేదు. కేసు ఉన్న సంగతి ఈసీలో దానంతటది కనిపించదు. అందుకే రెండు దినపత్రికల్లో ప్రకటన వేయించి, లోన్ ఇచ్చిన బ్యాంకుకు కూడా లేఖ పెట్టండి. "నాకు తెలియక కొన్నాను" అనే మాటకు కొన్నవాళ్ల దగ్గర చోటు మిగలదు, మీకు తెలియకుండా టాప్‌అప్ లోన్ కూడా రాదు.

ఇల్లు భర్త ఒక్కడి పేరునే ఉండి, భార్య అందులో ఉంటుంటే దారి వేరు. గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద ఆ ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఉత్తర్వు అడగొచ్చు. మేజిస్ట్రేటు కోర్టులో డీవీసీ (గృహహింస కేసు) వేయొచ్చు, లేదా 26వ సెక్షన్ ప్రకారం నడుస్తున్న ఫ్యామిలీ కోర్టు కేసులోనే అడగొచ్చు. అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా కలిసి కాపురం చేసిన ఇల్లే కావచ్చని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ ఆహుజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇది ఉండే హక్కే. అదే స్థాయి ఇల్లు అద్దెకు చూపమనో, అద్దె కట్టమనో కూడా కోర్టు చెప్పొచ్చు. ఈ ఉత్తర్వు చూసి ఇంట్లో సగం వచ్చేసిందనుకుని రాజీ బేరాల్లో గట్టిగా కూర్చుంటే కాలం పోతుంది. అక్కడ అడగాల్సింది భరణం. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణాన్ని అతని స్థిరాస్తి మీద చార్జిగా (ఆ ఆస్తి నుంచి రాబట్టుకునేలా) పెట్టమని కోర్టును కోరొచ్చు.

ఇద్దరూ అమ్మడానికి ఒప్పుకుంటే

పెద్దమనుషుల పంచాయితీలో 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నదానికి ఇంటి హక్కు మార్చే శక్తి లేదు. అది ఒప్పందానికి సాక్ష్యంగా పనికొస్తుందేమో, అంతే. పరస్పర అంగీకార విడాకుల్లో రాసుకునే షరతులకూ ఒక చిక్కు ఉంది. రాజీ డిక్రీలో (రాజీ షరతులతో కోర్టు ఇచ్చే తీర్పులో), ఆ కేసులో వివాదంలో లేని స్థిరాస్తి గురించి రాస్తే, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం దాన్ని రిజిస్టర్ చేయించాలి. డిక్రీ ఉంది కదా అని ఊరుకుంటే, పదేళ్ల తర్వాత అమ్మబోయినప్పుడు పాత పేరు అలాగే ఉంటుంది.

షరతుల్లో ఇవి తప్పక రాయించండి: కనీస ధర ఎంత, ఎన్ని రోజుల్లో అమ్మాలి, ఆ గడువు దాటితే ధర ఎంత తగ్గించాలి, బ్రోకరును ఎవరు పెడతారు, కొనేవాళ్లకు ఇల్లు ఏ రోజుల్లో చూపిస్తారు, అమ్మేదాకా ఈఎంఐ ఎవరు కడతారు, ఎవరు ఉంటారు, ఎప్పుడు ఖాళీ చేస్తారు. గడువు 120 రోజులు పెట్టి, 60వ రోజున 3 శాతం, 90వ రోజున ఇంకో 3 శాతం తగ్గించేలా రాసుకుంటే వాదన తగ్గుతుంది. "మంచి ధర వచ్చినప్పుడు" అని రాసిన ఒప్పందాలే ఏళ్ల తరబడి సాగుతాయి. ఇంట్లో ఉంటున్నవాళ్లకు ఏ ధరా మంచిదిగా కనిపించదు, బయట అద్దె కడుతున్నవాళ్లకు వచ్చిన ప్రతి బేరమూ మంచిదే. ఒకరు సంతకానికి రాకపోతే కోర్టు ద్వారా దస్తావేజు రాయించుకునే హక్కు రెండోవాళ్లకు ఉంటుందని కూడా చేర్చండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 34లో దానికి వీలుంది.

డబ్బు లెక్క ముందే కాగితం మీద వేయండి. 90 లక్షలకు ఫ్లాటు అమ్ముడైందనుకోండి. లోన్ బాకీ 38 లక్షలు, బ్రోకరుకు 1 శాతం 90 వేలు, సొసైటీ బకాయి, ఇంటి పన్ను కలిపి 40 వేలు. మిగిలేది 50 లక్షల 70 వేలు, చెరొకరికి 25 లక్షల 35 వేలు. విడిపోయాక 18 నెలలు భార్యే నెలకు 42 వేల ఈఎంఐ కట్టింది: 7 లక్షల 56 వేలు. అందులో భర్త వాటా 3 లక్షల 78 వేలు ఆమెకు కలపాలి. ఆమెకు 29 లక్షల 13 వేలు, అతనికి 21 లక్షల 57 వేలు. ధర 50 లక్షలో, ఆపైనో అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఇక్కడ 90 వేలు. ఇద్దరి పాన్ మీదా 45 వేల చొప్పున జమ పడుతుంది. కాబట్టి చేతికొచ్చే నగదు ఆమెకు 28 లక్షల 68 వేలు, అతనికి 21 లక్షల 12 వేలు. మొత్తం టీడీఎస్ ఒకే పాన్ మీద పడితే రెండోవాళ్లు రిటర్నులో దాన్ని తీసుకోలేరు. ఈఎంఐ సర్దుబాటు అడిగితే, "ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది కదా, అద్దె లెక్క కట్టండి" అని అవతలి నుంచి వస్తుంది. రెండూ ఒకే సిట్టింగ్‌లో తేల్చి అంకెలతో రాయించండి.

ఒకరే ఇల్లు ఉంచుకుని రెండోవాళ్లకు డబ్బిచ్చే పద్ధతి చాలా జంటలకు అమ్మకం కంటే మేలు. మూడోవాళ్లకు అమ్మితే రెండు రాష్ట్రాల్లోనూ కొనేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఖర్చు దాదాపు 7.5 శాతం పడుతుంది, దాన్ని బేరంలో మీ దగ్గరే తగ్గిస్తారు. రిలీజ్ డీడ్‌కు (తన వాటా రెండోవాళ్లకు వదిలేసే దస్తావేజుకు), కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంటుకు డ్యూటీ తక్కువ. విడాకుల డిక్రీ వచ్చాక మీరు చట్టం దృష్టిలో భార్యాభర్తలు కారు, ఆ తగ్గింపు దొరక్కపోవచ్చు. అందుకే దస్తావేజు డిక్రీకి ముందే చేయించాలి. కానీ పరస్పర అంగీకారాన్ని డిక్రీ వచ్చేలోపు ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు. హక్కు వదిలేశాక అవతలివాళ్లు మాట మారిస్తే ఇరుక్కుంటారు. దీనికి మందు డబ్బును ముక్కలు చేయడం: మొదటి మోషన్ (విడాకులకు ఒప్పుకుంటున్నామని ఇద్దరూ కోర్టుకు చెప్పే మొదటి విడత) రోజు కొంత, రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయ్యే రోజు పెద్ద భాగం, రెండో మోషన్ రోజు మిగిలింది, అన్నీ డీడీల రూపంలో. రిలీజ్ డీడ్‌ను రెండో మోషన్‌కు వీలైనంత దగ్గరగా పెట్టండి. రెండు మోషన్ల మధ్య 6 నెలల వ్యవధిని తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ పిటిషన్ కూడా వేయించండి.

"ఇద్దరికీ వద్దు, పిల్లల పేర రాసేద్దాం" అనే మాట ఇళ్లలో తరచుగా వస్తుంది. రాసేముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. మైనరు పేరున పడ్డాక, ఆ ఇంటిని అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా కోర్టు అనుమతి కావాలి. చదువులకు డబ్బు కావాల్సిన సమయానికి ఇల్లు కదలదు. పైగా లోన్ ఉన్న ఇంటిని అలా రాయడానికి బ్యాంకు ఒప్పుకోదు.

బ్యాంకు

కోర్టు ఈఎంఐ ఒకరినే కట్టమన్నా బ్యాంకుకు ఇద్దరూ బాధ్యులే, ప్రతి ఒక్కరూ మొత్తానికి బాధ్యులు. కోపంతో ఇద్దరూ కట్టడం ఆపేస్తే 90 రోజుల్లో ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది, ఆపైన తనఖా ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది, ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. వాటాల గొడవ తేలేలోగా ఇల్లే వేలానికి పోయిన కుటుంబాలు ఉన్నాయి. కనీసం సగం ఈఎంఐ అయినా మీ ఖాతా నుంచి, గుర్తు పట్టేలా రిమార్కు రాసి కట్టండి.

ఇల్లు ఉంచుకునేవాళ్లు రిలీజ్ డీడ్‌కు ముందే బ్యాంకు నుంచి లోన్ ఒక్కరి పేరున మారుస్తామనే శాంక్షన్ లెటరు తీసుకోవాలి. ఒక్కరి జీతం మీద లోన్ సరిపోదని బ్యాంకు కాదంటే, వాటా వదులుకున్నవాళ్లు ఇల్లు లేకుండా అప్పు మాత్రం మోస్తూ ఉండిపోతారు.

మూడోవాళ్లకు అమ్మేటప్పుడు మీ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటరు (లోన్ తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) తీసుకుని, రిజిస్ట్రేషన్ రోజు కొనేవాళ్ల బ్యాంకు మూడు చెక్కులు ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి: ఒకటి మీ లోన్ బ్యాంకుకు, రెండు మీ ఇద్దరికి విడివిడిగా. ఫ్లోటింగ్ రేటు గృహ రుణానికి ముందుగా తీర్చినందుకు చార్జీ ఉండదు. అప్పు తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎదురుపడటం కష్టమనుకునేవాళ్లు చాలామంది ఉంటారు, ముఖ్యంగా హింస జరిగిన ఇళ్లలో. ఇద్దరూ ఒకే గంటలో వెళ్లాల్సిన పని లేదు. సంతకం చేసిన తేదీ నుంచి 4 నెలల్లోపు ఎవరికి వాళ్లు విడిగా హాజరై వేలిముద్ర, ఫొటో ఇవ్వొచ్చు. సేల్ డీడ్‌లో ఎవరికి ఎంత, ఏ డీడీ నంబరు అన్నది విడివిడిగా రాయించండి. మొత్తం ఒకరి ఖాతాలో పడి తర్వాత పంచుకుందామంటే ఒప్పుకోవద్దు.

సంతకం పెట్టనంటే

ముందు 15 రోజుల గడువిచ్చి లాయరు నోటీసు, తర్వాత పార్టిషన్ దావా (వాటాలు పంచమని కోరే కేసు). ఇంట్లో మీరు కూడా ఉంటున్నారా, వెళ్లగొట్టారా అన్నదాన్ని బట్టి కోర్టు ఫీజు మారొచ్చు. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టయితే స్వల్ప రుసుమే ఉంటుంది కాబట్టి దావాలో ఈ వాక్యం జాగ్రత్తగా రాయించండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ఫ్లాటును గోడ కట్టి పంచలేరు. అందుకే 1893 నాటి పార్టిషన్ చట్టం 2వ సెక్షన్ కింద, సగమో అంతకంటే ఎక్కువో వాటా ఉన్నవాళ్లు అమ్మి డబ్బు పంచమని కోరొచ్చు. అలా కోరగానే, రెండోవాళ్లు కోర్టు కట్టించిన ధరకు ఆ వాటా కొనుక్కుంటామని 3వ సెక్షన్ కింద అడగొచ్చు. మీకు ఇల్లు కావాలంటే అమ్మకం కోరవద్దు, వాళ్లు కోరేదాకా ఆగండి. వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్, ఫైనల్ డిక్రీ, వేలం, ఇలా ఏళ్లు పడుతుంది. కోర్టు వేలంలో ధర బయటి ధరకు తక్కువే పలుకుతుంది. మధ్యలో ఎప్పుడైనా లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

ఒకరు విదేశంలో ఉంటే

అమెరికా కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ ఇక్కడ దానంతటది చెల్లదు. తిరుపతిలో పెళ్లయిన జంట విషయంలో భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న డిక్రీని 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఇక్కడి ఇంటి హక్కును అక్కడి కోర్టు తేల్చదు, స్థిరాస్తి ఉన్నచోటి కోర్టే తేల్చాలి.

అక్కడి నుంచి అమ్మడానికి పంపే పవర్ ఆఫ్ అటార్నీ ఈ ఒక్క ఫ్లాటుకే, ఈ ఒక్క అమ్మకానికే పరిమితం కావాలి. కనీస ధర, డబ్బు జమ కావాల్సిన ఖాతా అందులోనే రాయండి. నోటరీ ముందో భారత కాన్సులేట్‌లోనో సంతకం చేసి పంపాక, ఇండియాకు చేరిన 3 నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటిన కాగితంతో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తే వెనక్కి పంపుతారు. ఎన్నారై వాటాకు 1 శాతం టీడీఎస్ లెక్క వర్తించదు. ఇంటిని రెండేళ్లకు పైగా ఉంచుకుని ఉంటే 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు పట్టుకుంటారు, అదీ చాలాసార్లు లాభం మీద కాకుండా మొత్తం వాటా మీద. అగ్రిమెంటు రాసుకున్న వెంటనే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. అది చేతికి రాకముందు రిజిస్ట్రేషన్ తేదీ ఖరారు చేయొద్దు.